ట్రైనింగ్‌కు పోయిన పిల్లల ఫోన్ కోసం ఎదురుచూసే తల్లిదండ్రులకు: గేటు దాటిన రోజు నుంచి కసమ్ పరేడ్ (ట్రైనింగ్ చివర ప్రమాణం చేసే కవాతు) దాకా

ఆర్మీ ట్రైనింగ్ సెంటర్ గేటు దాటిన మర్నాటి నుంచి పిల్లాడి నంబర్ స్విచాఫ్ వస్తుంటే వాడికేదో అయిందని కంగారు పడకండి. చాలా సెంటర్లలో చేరగానే ఫోన్లు తీసి లోపల జమ చేయిస్తారు, మళ్లీ వాళ్లు ఇచ్చినప్పుడే మాట్లాడాలి. ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే మా వాడకట్టులో ఎంతోమంది తల్లులు ఆ మొదటి వారం కంటినిండా నిద్రపోయేవారు.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద, నాలుగేళ్ల సర్వీసుకు అగ్నివీర్‌లుగా, పదిహేడున్నర ఏళ్ల పిల్లలు కూడా సైన్యంలోకి పోతున్నారు. మా వరంగల్ చుట్టూ పరకాల, నర్సంపేట, హుజూరాబాద్, భూపాలపల్లి, ఎటు చూసినా తెల్లవారుజామున స్కూలు గ్రౌండులో పరుగులు తీసే పిల్లలు కనిపిస్తారు. సెలెక్ట్ అయ్యేదాకా ఎలా ప్రిపేర్ కావాలో చెప్పేవాళ్లు వందమంది ఉన్నారు. సెలెక్ట్ అయి వెళ్లాక ఇంట్లో మిగిలినవాళ్లు ఏం చేయాలో చెప్పేవాళ్లు మాత్రం దొరకరు. మన జిల్లాలకు ఎదురుచూపులు కొత్త కాదు, దుబాయ్, మస్కట్ పోయినవాళ్ల ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కానీ దుబాయ్ పోయిన కొడుకు జేబులో ఫోన్ ఉంటుంది. ఇక్కడ ఆ ఫోనే ఉండదు.

మా పెద్దోడు నాసిక్ రోడ్ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ చేశాడు. అప్పటి నుంచి చుట్టుపక్కల ఎవరి పిల్లలు వెళ్లినా వాళ్ల అమ్మలు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నేవీ, ఎయిర్‌ఫోర్స్, సీఆర్‌పీఎఫ్, పోలీస్ ట్రైనింగ్‌లకు పోయినవాళ్ల ఇళ్లలోనూ కొద్ది తేడాలతో ఇదే కథ. మామునూరు పోలీస్ ట్రైనింగ్ కాలేజీలో బిడ్డ ఉంటే, వరంగల్‌లోనే ఉండి కూడా గోడ ఇవతలి నుంచే చూడాలి. కొడుకు గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ఉంటే, బస్సెక్కితే మూడు నాలుగు గంటల దూరమే అయినా పోయి పలకరించి రావడానికి కుదరదు. దూరంతో సంబంధం లేదు.

1. లోపల రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోండి

తెలియకపోతే మనసు ఊరుకోదు, ఏదో ఒకటి ఊహించుకుంటుంది. అందుకే ముందు ఈ పని.

మొదటి వారం, పది రోజులు కాగితాలకే పోతాయి. సర్టిఫికెట్ల తనిఖీ, మళ్లీ మెడికల్, బ్యాంకు ఖాతా ఫారాలు. జుట్టు పూర్తిగా కత్తిరిస్తారు. కిట్ ఇస్తారు: నల్ల ఇనుప ట్రంకు పెట్టె, దోమతెర, పీటీ షూ, బూట్లు, మగ్గు, ప్లేటు. తర్వాత కంపెనీ (పెద్ద జట్టు), అందులో ప్లాటూన్ (చిన్న జట్టు) కేటాయిస్తారు. ఆర్టిలరీలో కంపెనీని బ్యాటరీ అంటారు, పిల్లాడు 'మా బ్యాటరీ' అంటే సెల్ బ్యాటరీ అనుకోకండి. మా ఇంట్లో పెద్దావిడ అలాగే అనుకుని, ఛార్జింగ్ పెట్టుకోమని వాడికి గట్టిగా చెప్పింది.

ఆ తర్వాత అసలు దినచర్య మొదలవుతుంది. తెల్లవారకముందే లేవడం, పీటీ, టిఫిన్, డ్రిల్, ఆయుధాల క్లాసులు, సాయంత్రం ఆటలు, రాత్రి రోల్ కాల్. దాని తర్వాత బూట్లు పాలిష్ చేసుకుని, మరుసటి రోజు డ్రెస్ సిద్ధం చేసుకుని పడుకోవాలి. నేర్పించే ఉస్తాద్ హిందీలోనే మాట్లాడతాడు. వరంగల్ టౌన్ పిల్లలకు కొంచెం ఉర్దూ గాలి తగిలి ఉంటుంది కాబట్టి నెట్టుకొస్తారు. ఏటూరునాగారం, మంగపేట వైపు నుంచి పోయినవాళ్లకు మొదటి నెల 'సావధాన్', 'విశ్రామ్' తప్ప మిగతాదంతా అయోమయమే. పక్కవాడు ఏం చేస్తే అదే చేస్తారు. వాళ్లు ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాటలు తడుముకోవడానికి అలసటతో పాటు ఇదీ ఒక కారణం.

'రగడా' అనే మాట కూడా తెలుసుకోండి. ఒకడు తప్పు చేస్తే ప్లాటూన్ మొత్తాన్నీ నేల మీద పాకించడం, దొర్లించడం, పరుగెత్తించడం. పిల్లాడు మొదటిసారి దాని గురించి చెప్పినప్పుడు మీ గుండె తరుక్కుపోతుంది. కొన్ని వారాల తర్వాత అదే రగడా గురించి వాడే నవ్వుకుంటూ చెబుతాడు.

ఎన్నాళ్లు అన్నది అన్నింటికంటే ముఖ్యం. 2023 జనవరిలో ఆర్మీ అగ్నివీర్‌ల మొదటి బ్యాచ్‌లకు ట్రైనింగ్ మొదలైనప్పుడు హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్‌లో 31 వారాల షెడ్యూల్ పెట్టారు: 10 వారాలు బేసిక్, 21 వారాలు అడ్వాన్స్‌డ్. నేవీ వాళ్లకు ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో 16 వారాలు, అక్కడ మొదటి బ్యాచ్ 2023 మార్చి 28న పాసవుట్ అయింది. ట్రేడ్‌ను బట్టి ఇవి మారుతాయి కాబట్టి మీవాడిది ఎంతో వాడినే అడగండి. తెలిశాక వంటింట్లో వేలాడే క్యాలెండర్ మీద బేసిక్ ఎప్పుడు అయిపోతుందో గుర్తు పెట్టుకోండి. ఎక్కువ కష్టంగా ఉండేది ఆ ముక్కే. తర్వాత కష్టం తగ్గిపోదు, పిల్లలకు అలవాటవుతుంది. అప్పటికి మనకూ అంతే.

2. మీ ఫోన్ సరిచేసుకోండి

కొడుకు ఫోన్ చేయలేదని ఏడ్చే ఇళ్లలో సగం చోట్ల ఫోన్ వచ్చే ఉంటుంది, ఎత్తి ఉండరు. లేదా కలిసి ఉండదు.

ముందు రీఛార్జ్ చూడండి. వ్యాలిడిటీ అయిపోయి కొన్నాళ్లయితే ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. పొలం పనుల్లో ఉండే నాన్న నంబర్ విషయంలో ఇది తరచూ జరుగుతుంది. రీఛార్జ్ చేయించేది ఎప్పుడూ ఆ కొడుకే కదా, ఇప్పుడు వాడు లేడు. నంబర్, గడువు తేదీ గోడ మీద రాసి పెట్టండి, చిన్నవాళ్లలో ఒకరికి ఆ పని అప్పగించండి.

తెలియని నంబర్లు దానంతటదే కట్ చేసే సెట్టింగ్ ఉంటే తీసేయండి. పిల్లాడు తన ఫోన్ నుంచే చేస్తాడని లేదు. తోటి కుర్రాడి ఫోన్ కావచ్చు, సెంటర్ లోపలి ల్యాండ్‌లైన్ కావచ్చు. ల్యాండ్‌లైన్ అయితే నంబర్ ఆ ఊరి కోడ్‌తో మొదలవుతుంది: నాసిక్ 0253, బెంగళూరు 080, జబల్‌పూర్ 0761, లక్నో 0522, బెళగావి 0831, సికింద్రాబాద్ 040. మీవాడి ఊరి కోడ్ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. 140తో మొదలయ్యేవి ప్రచారం కాల్స్, వాటికి పరుగెత్తాల్సిన పని లేదు.

చాలా చోట్ల ఫోన్ ఇచ్చేది ఆదివారం. ఆ రోజు ఇంటిల్లిపాదీ పొద్దున్నుంచి ఫోన్ చుట్టూ కూర్చోవద్దు. వంతులు వేసుకోండి. అమ్మ స్నానానికి పోతే చెల్లె దగ్గర ఫోన్, నాన్న పొలానికి పోతే అమ్మ దగ్గర ఫోన్. ఛార్జింగ్ శనివారం రాత్రే పెట్టేయండి.

3. మొదటి కాల్‌లోనే రాసుకోవాల్సినవి

ఒక నోటుబుక్కు పెట్టుకుని ఇవి అడిగి రాసుకోండి: ఆర్మీ నంబర్, ప్లాటూన్, కంపెనీ, ట్రైనింగ్ రెజిమెంట్, పూర్తి పోస్టల్ అడ్రస్, కంపెనీ ఆఫీస్ నంబర్ ఉంటే అది. అన్నీ ఒకే కాల్‌లో రావు, రెండు మూడు ఆదివారాలు పడుతుంది. వీటన్నింటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇంకొకటి ఉంది: వాడి ప్లాటూన్‌లోనే ఉన్న మరో తెలుగు పిల్లాడి ఇంటి నంబర్. నాకు అలా పరిచయమైన సిరిసిల్ల తల్లితో ఇప్పటికీ మాటలు నడుస్తున్నాయి. ఒక వారం ఆమె కొడుకు మాట్లాడితే మావాడి కబురు, ఇంకో వారం మావాడు మాట్లాడితే ఆమె కొడుకు కబురు. ఒక్క ఫోన్‌తో రెండిళ్లు కుదుటపడతాయి.

4. ఆ ఐదు నిమిషాలు ఎలా మాట్లాడాలి

మా ఇంట్లో ఒక కాల్ ఇలా నడిచింది:

"అమ్మా, నేనే."

"చెప్పు కొడుకా. స్పీకర్ల పెట్టిన, అందరం ఈడనే ఉన్నం."

"మంచిగున్న. కాళ్లు గుంజుతానయ్ అంతే. రొట్టెలు అలవాటైతానయ్. బాపూ, పత్తి ఏరుడైందా?"

"ఐతాంది. నువ్వు నీళ్లు మంచిగ తాగు."

"తాగుతాన. చెల్లె పరీక్షలెట్ల రాసింది? ఆగు, ఎనుక లైనున్నది. పెడ్తాన."

అంతే. కాల్ కట్ అయ్యాక అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఏం మాట్లాడినట్టు? అయినా ఇది మంచి కాల్. వాడు అడిగినవి చూడండి: పత్తి, చెల్లె పరీక్షలు. అక్కడ వాడికి కావాల్సింది ఇల్లు తన మానాన తాను నడుస్తోందన్న భరోసా. దాన్ని ఇవ్వండి.

స్పీకర్ పెట్టండి కానీ మాట్లాడేది ఒకరే. నలుగురూ ఒకేసారి అరిస్తే వాడికి ఏమీ వినిపించదు, ఐదు నిమిషాలూ "హలో, హలో" అనడానికే సరిపోతుంది. చెప్పాల్సినవి చీటీ మీద రాసుకోండి, మూడు చాలు. 'తిన్నవా' అని అడగకుండా మన అమ్మల వల్ల కాదు, అడగండి. దానికి బదులు "ఏం కూర?" అని అడిగితే ఇంకా మంచిది, 'ఊ' అని ఊరుకోకుండా వాడు నాలుగు మాటలు చెబుతాడు. అప్పుల గొడవ, బాబాయితో గెట్టు పంచాయితీ, ఎవరో మీ గురించి అన్న మాట, ఇవి ఫోన్‌లో వద్దు. వాడు అక్కడి నుంచి చేయగలిగింది ఏమీ లేదు, రాత్రంతా ఆలోచించడం తప్ప.

ఏడుస్తూ చేస్తే. చాలామంది పిల్లలు మొదటి వారాల్లో ఒక్కసారైనా "నా తోని కాదు, వచ్చేస్త" అంటారు. అప్పుడు రెండు మాటలు నోటి నుంచి రానివ్వకండి. ఒకటి "వచ్చెయ్ బిడ్డా". రెండోది "నువ్వు వాపస్ వస్తే ఊళ్లె తలెత్తుకోలేం". మొదటిది వాడి కాళ్ల కింద నేల తీసేస్తుంది. రెండోదాని తర్వాత వాడు మనకు నిజం చెప్పడం మానేస్తాడు. "ఏడ్వు బిడ్డా, ఇంటాన" అని వాణ్ని మాట్లాడనివ్వండి. చివర్లో "వచ్చే ఐతారం మళ్ల మాట్లాడుదాం, అప్పటిదాక చూడు" అనండి. ఆరు నెలలు ఓపిక పట్టమంటే ఎవరి వల్లా కాదు, ఆదివారం దాకా అంటే పట్టగలరు. ట్రైనింగ్ వదిలి రావాలన్నా అది ఆఫీసర్ ముందు కాగితాల మీద జరగాల్సిన పని. చెప్పకుండా గోడ దూకి రావడం 1950 నాటి సైనిక చట్టం కింద నేరం. ఈ సంగతి బెదిరించినట్టు కాకుండా మామూలుగా వాడికి గుర్తు చేయండి.

అన్ని ఏడుపులూ ఒకటి కావు. బతకాలని లేదని అన్నా, ఎవరో తనను ప్రత్యేకంగా వేధిస్తున్నారని చెప్పినా, రోజుల తరబడి నిద్ర లేదని, అన్నం సహించడం లేదని చెప్పినా ఆదివారం దాకా ఆగొద్దు. అదే రోజు కంపెనీ ఆఫీస్‌కు ఫోన్ చేసి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబర్ టెలీ మానస్ 14416కు పగలు రాత్రి ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. అది మీకోసం కూడా.

నొప్పి దాస్తుంటే. ఇది ఎక్కువమంది పట్టించుకోని విషయం. మోకాలి కింద ముందు ఎముక దగ్గర నొప్పి అంటే తేలిగ్గా తీసుకోకండి. రోజూ బూట్లతో పరుగుల వల్ల ఎముకలో సన్నని చీలికలు రావడం రిక్రూట్‌లలో ఉన్నదే. ఆసుపత్రిలో ఎక్కువ రోజులు పడితే తర్వాతి బ్యాచ్‌లో వేస్తారని, దాన్నే రెలిగేషన్ అంటారు, పిల్లలు భయపడి నొప్పి దాచుకుంటారు. "తర్వాతి బ్యాచ్ల పడితే పడనీ, ముందు సిక్ రిపోర్ట్ చేసి ఎం.ఐ. రూమ్‌కు పో" అని ఇంట్లోవాళ్లు అనగలగాలి. ఎం.ఐ. రూమ్ అంటే సెంటర్ లోపల డాక్టర్ చూసే గది. బాపు నోటి నుంచి వస్తే ఆ మాట బాగా పనిచేస్తుంది. జ్వరం వచ్చినా, ఎండలో కళ్లు తిరిగినా ఇంతే.

5. ఇంట్లో చావు కబురు, జబ్బు కబురు ఉంటే

దీని మీద ఇళ్లలో గొడవలు జరుగుతాయి. నాయినమ్మ పోయింది, పిల్లాడికి చెప్పాలా వద్దా? నా లెక్కలో నెలల తరబడి దాచడం తప్పు. సెలవుకు వచ్చి గోడ మీద దండ వేసిన ఫోటో చూసిన పిల్లాడు ఆ తర్వాత మనం 'అందరం బాగున్నాం' అంటే నమ్మడు. ఏదో ఆదివారం ఐదు నిమిషాల కాల్‌లో గబగబా చెప్పి పెట్టేయడం కూడా సరికాదు. ముందు కంపెనీ ఆఫీస్‌కు చెప్పండి. అక్కడ సుబేదార్ సాబో, ఉస్తాదో పిలిచి, పక్కన మనిషి ఉండగా చెప్పి, మీతో మాట్లాడిస్తారు. ట్రైనింగ్ మధ్యలో సెలవు ఇవ్వాలా వద్దా అన్నది అధికారుల ఇష్టం. అమ్మానాన్నల విషయమైతే డాక్టర్ కాగితాలు సిద్ధంగా ఉంచుకుని అడగండి. చిన్న చిన్న జబ్బులకు అడగొద్దు.

6. ఉత్తరం రాయండి

ఫోన్ ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఉత్తరం ట్రంకు పెట్టెలో ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చదువుకోవచ్చు. వాట్సాప్ కాలంలో ఉత్తరమేంటని పిల్లలే నవ్వుతారు, ముట్టిన తర్వాత నవ్వరు.

కవర్ మీద అడ్రస్ ఇంగ్లీష్ అక్షరాల్లో, ఈ వరుసలో: పేరుకు ముందు అగ్నివీర్ అని, ఆర్మీ నంబర్, ప్లాటూన్, కంపెనీ లేదా బ్యాటరీ, ట్రైనింగ్ రెజిమెంట్, సెంటర్ పేరు, ఊరు, పిన్. నంబర్ లేకపోతే ఒకే పేరున్న పది మంది మధ్య తిరుగుతుంది. మామూలు పోస్టు చాలు. ముట్టిందో లేదో తెలియాలంటే స్పీడ్ పోస్ట్ చేయండి, రసీదు మీది నంబర్‌తో ఎక్కడుందో చూసుకోవచ్చు. రిజిస్టర్డ్ పోస్ట్ 2025 సెప్టెంబర్ 1 నుంచి స్పీడ్ పోస్ట్‌లోనే కలిసిపోయింది కాబట్టి దాని కోసం కౌంటర్‌లో వాదించకండి. కవర్‌లో డబ్బులు పెట్టొద్దు. సకినాలు, గారిజెలు పంపాలని చేతులు పీకుతాయి, తెలుసు. బయటి తిండి చాలా చోట్ల రానివ్వరు, వాడిని అడిగాకే పార్శిల్ కట్టండి.

రాయడానికి ఏముంటుందని అడుగుతారు. ఇలా రాయండి:

"మొన్న రాత్రి పెద్ద వాన పడ్డది. బర్రె దూడ తాడు తెంపుకొని సారయ్య మామ మొక్కజొన్నల పడ్డది. మామ లొల్లి లొల్లి చేసి, మళ్ల తనే తోలుకొచ్చి కట్టేసిండు. ఎనుమాముల మార్కెట్ల పత్తి ధర ఇంక లేవలే, బాపు ఆగుదామంటాండు. నీ బండి వారానికోసారి చెల్లె స్టార్ట్ చేస్తాంది, పాడు కాలే."

ఇంతే. 'నువ్వు లేక ఇల్లు బోసిపోయింది, నాకు ముద్ద దిగడం లేదు' అన్నవి నిజమే అయినా ఉత్తరంలో వద్దు. మీ దిగులు మోసే బరువు వాడి మీద పెట్టకండి. దూడ, మామ, బండి చాలు. ప్రేమ ఎక్కడుందో వాడికి తెలుస్తుంది. చదువు రాని అమ్మ చెబుతుంటే చెల్లె రాయవచ్చు, కింద ఆమె వేలిముద్ర వేయించండి. మా పక్కింటావిడ అలాగే పంపింది.

7. వార్తలు, రీల్స్, వదంతులు

2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజుల్లో రిక్రూట్‌ల ఇళ్లలో పొయ్యి వెలగలేదు. టీవీలో సైరన్లు, వాట్సాప్‌లో "ట్రైనింగ్ వాళ్లను కూడా బార్డర్‌కు తోలుతున్నారట". ట్రైనింగ్ పూర్తి కాని రిక్రూట్‌ను యుద్ధానికి పంపరు. ఆయుధం పట్టడం నేర్పాకే, కసమ్ పరేడ్ అయ్యాకే యూనిట్‌కు పంపుతారు. అలాంటి రోజుల్లో టీవీ కట్టేయండి. పొద్దున పేపర్ ఒకసారి చదివితే చాలు.

ట్రైనింగ్ పేరుతో తిరిగే రీల్స్ కూడా అంతే. ఎక్కడిదో, ఏ ఫోర్స్‌దో తెలియని కొట్టుడు వీడియో చూసి మీ పిల్లాడికి అలా అవుతోందని కుమిలిపోవద్దు. మీ వైపు నుంచి కూడా జాగ్రత్త అవసరం: యూనిఫాం ఫోటో, సెంటర్ పేరు, ఆర్మీ నంబర్ కలిపి స్టేటస్ పెట్టకండి. గర్వంగానే ఉంటుంది, కానీ కింద చెప్పే మోసగాళ్లకు ముడిసరుకు అదే.

8. మోసం కాల్స్

"మీ అబ్బాయి ఫైరింగ్‌లో గాయపడ్డాడు, ఆపరేషన్‌కు వెంటనే డబ్బులు ఫోన్‌పే చేయండి." ఇలాంటి కాల్ వస్తే తల్లి చేతులు వణుకుతాయి, వేళ్లు మాత్రం పిన్ కొట్టేస్తాయి. ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి: రిక్రూట్‌కు దెబ్బ తగిలితే మిలిటరీ ఆసుపత్రిలో వైద్యం ఉచితం, ఇంటి నుంచి రూపాయి అడగరు. డబ్బు అడిగాడంటే దొంగ. కట్ చేసి నోటుబుక్కులో ఉన్న కంపెనీ ఆఫీస్ నంబర్‌కు మీరే చేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత ఆపగలరు.

పోలీస్ స్టేషన్ నుంచి వెరిఫికేషన్‌కు కానిస్టేబుల్ వస్తే మాత్రం గాబరా పడకండి, అది మామూలే.

9. ఫోన్ మరీ రాకపోతే

ఒక ఆదివారం తప్పితే ఏమీ చేయకండి. ఫైరింగ్ క్యాంప్ ఉండవచ్చు, డ్యూటీ పడి ఉండవచ్చు, మొత్తం ప్లాటూన్‌కు శిక్షగా ఫోన్ ఆపి ఉండవచ్చు. రెండోదీ తప్పితే ఆ తోటి పిల్లాడి ఇంటికి ఫోన్ చేసి అడగండి. చాలాసార్లు కథ ఇక్కడే తేలిపోతుంది. మూడో వారం కూడా ఏ కబురూ లేకపోతే కంపెనీ ఆఫీస్‌కు చేయండి. హిందీ రాదని ఆగకండి, ఇది చూసి చదవండి:

"జై హింద్ సర్. మై తెలంగాణా, వరంగల్ సే బోల్ రహీ హూఁ. అగ్నివీర్ ... కీ మా హూఁ. ఆర్మీ నంబర్ ..., ప్లాటూన్ .... తీన్ హఫ్తే సే బాత్ నహీ హుయీ. వో ఠీక్ హై క్యా, బస్ ఇత్నా బతా దీజియే."

నాన్న మాట్లాడితే "బోల్ రహా హూఁ", "కా పితా హూఁ" అనాలి. ఏడవకుండా, అరవకుండా, నంబర్‌తో సహా చెబితే వాళ్లు కనుక్కుని చెబుతారు. నంబర్ దొరక్కపోతే ఊళ్లో ఉన్న మాజీ సైనికుణ్ని పట్టుకోండి. ఆయనకు ఆ భాష తెలుసు, ఎవరిని అడగాలో తెలుసు. పాత ఫౌజీలకు ఇలాంటి పని చెబితే విసుక్కోరు, సంతోషిస్తారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా దారి చెబుతారు. చెప్పాపెట్టకుండా రైలెక్కి గేటు దగ్గరికి పోవడం మాత్రం వద్దు, లోపలికి రానివ్వరు, పిల్లాడికి నలుగురిలో ఇబ్బంది.

నిజంగా ఏదైనా జరిగితే మీరు వెతుక్కోవాల్సిన పని ఉండదు. చేరేటప్పుడే దగ్గరి బంధువు వివరాలు రాయించుకుంటారు, సెంటర్ నుంచే మీకు కబురు వస్తుంది. అందుకే ఆ ఫారంలో ఇచ్చిన ఫోన్ నంబర్ మార్చకండి, మారితే వాళ్లకు రాసి పంపండి.

10. ఇల్లు నడవాలి కదా

ఊళ్లో అందరూ ఒకే మాట అడుగుతారు: "ఫోనొచ్చిందా?" మంచి మనసుతోనే అడుగుతారు, కానీ పదోసారి అడిగేసరికి లేని భయం పుడుతుంది. ఒక జవాబు తయారుగా పెట్టుకోండి. "ఐతారం ఇస్తరు వదినా, మంచిగనే ఉన్నడు" అని మాట మార్చేయండి.

మగవాళ్ల సంగతి వేరు. మాట్లాడరు. రాత్రి ఆరుబయట మంచం మీద పడుకుని ఫోన్ తీసి చూడడం, పెట్టడం. కొందరికి మందు ఎక్కువవుతుంది. ఆ ఇంటి ఆడవాళ్లకు నేను చెప్పేది, ఉత్తరంలో నాలుగు ముక్కలు ఆయనతోనే రాయించండి. పొలం సంగతులైనా సరే. ఇంట్లో మిగిలిన పిల్లలను మర్చిపోవద్దు. అన్న పోయాక ఇంట్లో ప్రతి మాటా అన్న గురించే అయితే, ఇంటర్ చదువుతున్న చెల్లెకు తాను ఉన్నట్టా లేనట్టా తెలియదు.

మొక్కులు మొక్కుకోండి, తప్పు లేదు. మేడారం తల్లులకు ఎత్తు బంగారం (మనిషి ఎత్తు బెల్లం), ఐలోని మల్లన్నకు బోనం, కాజీపేట దర్గాకు చాదర్, ఎవరి నమ్మకం వాళ్లది. సద్దుల బతుకమ్మ నాడు వాడు లేడని ఆట మానేయొద్దు. ఆడండి, ఫోటో తీసి ఉత్తరంలో పెట్టండి.

డబ్బు గురించి ఒక ముక్క. అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెలకు 30,000, అందులో 9,000 సేవానిధికి (నాలుగేళ్లు అయ్యాక ఒకేసారి ఇచ్చే డబ్బు) పోయి చేతికి వచ్చేది 21,000. మొదటి జీతం ఖాతాలో పడడానికి ఆలస్యం కావచ్చు. ఆ డబ్బు లెక్క చూసుకుని ట్రాక్టర్ కిస్తీలకు ఒప్పుకోకండి. నాలుగేళ్ల తర్వాత పర్మనెంట్ అయ్యేది 25 శాతం వరకే అన్న సంగతి కూడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

11. కసమ్ పరేడ్‌కు తయారవడం

తేదీ తెలియగానే టికెట్లు చేయండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, వారం ముందు మేలుకుంటే వెయిటింగ్ లిస్టే. చిల్కాకు పోయేవాళ్లకు వరంగల్ మీదుగా పోయే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉంది. నాసిక్ రోడ్‌కు సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్. ఆధార్ ఒరిజినల్ పట్టుకోండి, ఎంతమందిని రానిస్తారో పిల్లాడితో ముందే అడిగించండి. ఆటో నిండా బంధువులను వేసుకుని పోతే సగం మంది గేటు బయటే నిలబడాలి. గ్రౌండులో అందరూ ఒకేలా ఉంటారు, మీవాడు ఎక్కడున్నాడో మీకు తెలియదు. కొన్ని సెంటర్లలో పరేడ్ తర్వాత తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ ఇస్తారు, కాబట్టి మంచి చీర, తెల్ల చొక్కా పెట్టుకెళ్లండి.

తర్వాత సెలవు మీద వస్తే మొదటి రెండు మూడు రోజులు పడుకోనివ్వండి. చుట్టాల ఇళ్లకు, గుళ్లకు, సన్మానాలకు తిప్పే కార్యక్రమం నాలుగో రోజు నుంచి పెట్టుకోవచ్చు. పోస్టింగ్ వచ్చాక నోటుబుక్కులో అడ్రస్ మార్చుకోండి. ఈసారి 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అనో 99 ఏపీవో అనో ఉండవచ్చు, పిన్ 9తో మొదలవుతుంది. దాని కింద వాడు ఉన్న ఊరి పేరు రాయకండి, ఊరు లేకుండానే ముడుతుంది.